ఐదు వందల టన్నులు: స్టాలిన్‌గ్రాడ్ బల్ల డైరీ

నవంబరు 4

ప్లైవుడ్ వచ్చింది. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, 12 ఎం.ఎం. మందం. వంగకుండా కింద రీపర్లు కొట్టించాను. పని అయ్యాక వడ్రంగి "దీని మీద ఏం పెడతారు సార్?" అని అడిగాడు. ఒక ఊరు, రెండు నదులు, మధ్యలో చిక్కుకుపోయిన ఒక సైన్యం అన్నాను. అతను బల్లని ఇంకోసారి నొక్కి చూసి, మధ్యలో మరో రీపరు కొట్టాడు.

మా ఊరి గ్రంథాలయంలో పిల్లలు కూర్చుని చదువుకునే హాలు ఉంది. అక్కడ పెట్టడానికి చరిత్రకి సంబంధించింది ఏదైనా చేసివ్వమని గ్రంథపాలకులు అడిగి ఏడాదైంది. నాకు బాగా తెలిసింది సరుకు లెక్క ఒక్కటే. ముప్పై ఒక్క ఏళ్లు బియ్యం గోదాములో స్టాక్ రిజిస్టర్ రాశాను. రెండో ప్రపంచ యుద్ధం గురించి ఎంత చదివినా ట్యాంకుల పేర్లూ తుపాకుల పేర్లూ నాకు గుర్తుండవు. ఒక అంకె మాత్రం ఎన్నేళ్లైనా వదల్లేదు. రోజుకు 500 టన్నులు. 1942 నవంబరులో రష్యాలోని స్టాలిన్‌గ్రాడ్ దగ్గర శత్రువు మధ్యలో చిక్కిన జర్మన్ ఆరో సైన్యం బతకాలంటే విమానాల్లో రావలసిన సరుకు అది. ఆ సైన్యాధిపతి ఫ్రీడ్రిష్ పౌలుస్. ఆయనా లెక్కల మనిషే. ఈ లెక్క ఆయనకి నాకన్నా ఎన్నో రెట్లు బాగా తెలుసు. తెలిసీ ఏం చేశాడో ఈ బల్ల మీద పిల్లలకి కనిపించాలి.

నవంబరు 6

స్కేలు తేల్చుకోవడానికే రెండు రోజులు పట్టింది. చివరికి సెంటీమీటరుకు అర కిలోమీటరు పెట్టుకున్నాను. ఆరడుగుల బల్ల మీద తూర్పు పడమరలుగా 91 కిలోమీటర్లు పడతాయి. తూర్పు అంచున వోల్గా, పడమటి అంచున డాన్ నది. ఈ రెండు నదులూ బాగా దగ్గరికొచ్చేది ఇక్కడే, మధ్య దూరం డెబ్బై కిలోమీటర్లు. వోల్గా గట్టు వెంబడి సన్నగా పొడుగ్గా స్టాలిన్‌గ్రాడ్. ఇప్పటి పేరు వోల్గోగ్రాడ్.

ఎత్తులు అదే స్కేలులో పెడితే ఏమీ కనబడవు. ఊరి మధ్యలో ఉన్న మమయేవ్ గుట్ట ఎత్తు 102 మీటర్లు. జర్మన్ల మ్యాపుల్లోనూ రష్యన్ల మ్యాపుల్లోనూ దాని పేరు కూడా ఆ అంకే. నా స్కేలులో అది రెండు మిల్లీమీటర్లు! ఎత్తుని మాత్రం పది రెట్లు చేశాను. అప్పటికి రెండు సెంటీమీటర్ల గుట్ట వచ్చింది. ఆ గుట్ట కోసం నెలల తరబడి ఎంతమంది చచ్చిపోయారో తెలిసినవాడికి ఆ రెండు సెంటీమీటర్లని చేత్తో తడిమితే ఒళ్లు జలదరిస్తుంది.

నవంబరు 9

థర్మోకోల్ షీట్లు పొరలు పొరలుగా కోసి అంటించాను. డాన్‌కి పడమటి గట్టు ఎత్తు, వోల్గాకి కూడా పడమటి గట్టే ఎత్తు. మధ్యలో చెట్టూ చేమా లేని మైదానం. అక్కడక్కడా వర్షపు నీరు కోసేసిన లోతైన వాగులున్నాయి. రష్యన్లు వాటిని బాల్కా అంటారు. హ్యాక్సా బ్లేడుతో వాటిని గీస్తుంటే మనవరాలు వచ్చి పక్కన కూర్చుంది. ఏడో తరగతి. "తాతయ్యా, ఇక్కడ దాక్కోవడానికి ఏమీ లేదేంటి?" అంది. చలికాలంలో గాలి అడ్డేమీ లేకుండా కొడుతుంది అమ్మలూ, ఈ వాగుల్లోనే గుంతలు తవ్వుకుని ఉన్నారు అన్నాను.

నవంబరు 13

ఘోరం జరిగింది. తొందరపడి స్ప్రే పెయింట్ కొట్టాను. అందులోని ద్రావకం థర్మోకోల్‌ని తినేసింది. కళ్లముందే డాన్ గట్టు మొత్తం గుంటలు పడి కరిగిపోయింది. మూడు రోజుల పని పోయింది. ఇలాంటి బల్ల ఎవరైనా చేస్తే ముందు ఫెవికాల్ పూత రెండుసార్లు వెయ్యండి, తర్వాత నీళ్లలో కలిసే ఎమల్షన్ రంగులే వాడండి. రబ్బరు సొల్యూషన్‌తో కూడా అతికించకండి, అదీ థర్మోకోల్‌ని కరిగిస్తుంది.

నవంబరు 17

డాన్ గట్టు మళ్లీ కట్టాను. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పలచగా పూశాను. ఎండిన గడ్డికి రంపపు పొట్టు, మంచుకి ముగ్గుపిండి. ముగ్గుపిండి జల్లింది మనవరాలే, నాకన్నా సమంగా జల్లింది.

నవంబరు 19

ఈ తేదీకే ఎర్ర దారాలు కట్టాలని ముందే అనుకున్నాను. 1942లో సరిగ్గా ఈ రోజు తెల్లవారుజామున సోవియట్ సైన్యం ఎదురుదాడి మొదలుపెట్టింది. ఆపరేషన్ యురేనస్.

దారం కట్టబోతే ఒక చిక్కు వచ్చింది. ఉత్తరం వైపు దాడి మొదలైన సెరఫిమోవిచ్, క్లెత్‌స్కయా ఊళ్లు నా బల్ల మీద లేవు. డాన్ ఒడ్డున ఇంకా వాయవ్యంగా, వందకు పైగా కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. అంటే దెబ్బ బల్ల బయటినుంచే వచ్చింది. కాసేపు చేతిలో దారం పట్టుకుని అలాగే నిలబడ్డాను. రెండున్నర నెలలుగా పౌలుస్ చూపంతా వోల్గా గట్టు మీద ఉన్న నాలుగు ఫ్యాక్టరీల మీదే ఉంది. ఒక్కో వీధికి, ఒక్కో మెట్ల వరుసకి మనుషుల్ని ఖర్చుపెట్టాడు. ఎడమ పక్కన కాపలా రొమేనియా మూడో సైన్యం, కుడి పక్కన రొమేనియా నాలుగో సైన్యం. సోవియట్ ట్యాంకుల్ని ఆపగల ఫిరంగులు వాళ్ల దగ్గర చాలినన్ని లేవు. ఈ సంగతి పౌలుస్‌కీ తెలుసు, పైవాళ్లకీ తెలుసు. దెబ్బ సరిగ్గా అక్కడే పడింది.

బల్ల అంచుకి మేకు కొట్టి, దారాన్ని అక్కడినుంచి లోపలికి లాగాను.

నవంబరు 23

రెండు దారాలూ కలిశాయి. డాన్ మీద కలాచ్ వంతెన 22న సోవియట్ల చేతికి చిక్కింది. 23న ఉత్తరపు దండూ దక్షిణపు దండూ కలాచ్‌కి ఆగ్నేయంగా సోవెత్‌స్కీ దగ్గర కలుసుకున్నాయి. నాలుగున్నర రోజుల్లో పని పూర్తి. లోపల రెండున్నర లక్షల మందికి పైగా చిక్కారు. జర్మన్లు దీన్ని కెస్సెల్ అన్నారు, అంటే కాగు. బల్ల మీద దారం ముడి వేశాక చూస్తే నిజంగానే మూతి కట్టేసిన కాగులా ఉంది.

పౌలుస్ మొదట కాగు బయటే, నీజ్నె చిర్‌స్కయాలో ఉన్నాడు. 22న చిన్న విమానంలో లోపలికి వెళ్లాడు. తన మనుషుల దగ్గరికి వెళ్లాడు. నేను ఆయన్ని ఎంత తప్పుపట్టినా ఈ ఒక్క పని మాత్రం తక్కువ చేసి రాయను. దారాల లోపల గుమ్రాక్ విమానాశ్రయం దగ్గర ఆయన పేరుతో నల్ల గుండుసూది గుచ్చాను.

నవంబరు 24

ఈ రోజు రాయాల్సింది చాలా ఉంది.

పౌలుస్ నిర్ణయం తన చేతికి ఇమ్మని హిట్లర్‌ని అడిగాడు. అంటే నైరుతి దిక్కుగా చీల్చుకుని బయటపడే అనుమతి. 24న జవాబు వచ్చింది: అక్కడే ఉండండి, విమానాల్లో సరుకు పంపుతాం. పంపగలమని మాట ఇచ్చింది వైమానిక దళాధిపతి గోరింగ్. అదే ఏడాది మొదట్లో దెమ్యాన్‌స్క్ అనే చోట చిక్కిన లక్షమంది దాకా సైనికుల్ని విమానాలతో నెలల తరబడి పోషించారు. ఆ ధీమాతో ఇచ్చిన మాట అది. అక్కడే ఉన్న వైమానిక సేనాని రిష్ట్‌హోఫెన్ మాత్రం ఇది కుదిరే పని కాదని మొత్తుకున్నాడు.

ఆరో సైన్యం మొదట రోజుకు 750 టన్నులు అడిగి, తర్వాత 500కి దిగింది. నా గోదాం లెక్కలో 500 టన్నులంటే 50 కిలోల బస్తాలు పదివేలు. పది టన్నుల లారీలు యాభై. రోజుకు యాభై లారీలు దింపడం అంటే హమాలీలకి, కాటా గుమాస్తాకి, గేటు దగ్గర రాసుకునేవాడికి ఊపిరి సలపదు. అదీ తారు రోడ్డు, పగటి వెలుగు, చక్కటి వాతావరణం ఉంటేనే. జర్మన్ల జంకర్స్-52 విమానం ఒక్కో విడతకి రెండు టన్నుల చిల్లర మోసేది. రెండే అనుకుంటే రోజుకు 250 విమానాలు దిగాలి. ఆ చలికాలంలో పగలు ఎనిమిది గంటలు. రెండు నిమిషాలకి ఒకటి కూడా చాలదు. రాత్రిపూట దిగే ఏర్పాట్లు సరిగా ఉన్న విమానాశ్రయం పీటోమ్నిక్ ఒక్కటే. దింపిన సరుకుని అక్కడినుంచి మంచులో పంచడానికి లారీలుండాలి, లారీలకి పెట్రోలు ఉండాలి, ఆ పెట్రోలూ విమానంలోనే రావాలి.

ఈ లెక్క కట్టడానికి నాకు పావుగంట పట్టింది. పౌలుస్‌కి అంతసేపు కూడా పట్టి ఉండదు.

దీన్ని పిల్లలకి ఎలా చూపాలా అని చాలా రోజులు ఆలోచించాను. పెసలు తట్టాయి. ఒక గింజ ఒక టన్ను. రెండు పెద్ద ఊరగాయ సీసాలు తీసుకున్నాను. ఒకదానిలో రావలసింది, ఇంకొకదానిలో వచ్చింది. నవంబరు 24 నుంచి ఫిబ్రవరి 2 దాకా 71 రోజులు. రోజుకు 500 చొప్పున 35,500 గింజలు. నిజంగా చేరింది మొత్తం కలిపి సుమారు 8,350 టన్నులు. మనవరాలు లెక్కపెడతానని పట్టుపట్టింది. మొదటి రోజు 500 లెక్కపెట్టేసరికి దానికి నిద్ర వచ్చింది. మిగిలింది తూకం వేద్దామన్నాను. వంద గింజలు నాలుగు గ్రాములు తూగాయి. అంటే ఒక సీసాకి కిలో 420 గ్రాములు, ఇంకో సీసాకి 334 గ్రాములు.

నవంబరు 25

సైడ్లిట్జ్ గురించి నిన్న రాయలేదు. పౌలుస్ కింద ఒక కోర్, అంటే కొన్ని డివిజన్లు కలిసిన దళం, నడిపిన కమాండర్. ఈ తేదీన పౌలుస్‌కి రాతపూర్వకంగా ఇచ్చాడు: హిట్లర్ ఆజ్ఞ లేకపోయినా చీల్చుకుని పోదాం, సైన్యం పట్లా జర్మన్ ప్రజల పట్లా బాధ్యత అన్నింటికన్నా పెద్దది. పౌలుస్ ఒప్పుకోలేదు. ఆయన పక్కనే ఉన్న చీఫ్ ఆఫ్ స్టాఫ్ స్మిట్ కూడా ఆజ్ఞ దాటడానికి వీల్లేదన్నాడు.

వెళ్లి ఉంటే బయటపడేవాళ్లా? అంత సులువు కాదని కూడా రాయాలి. మేత దొరకదని ఆరో సైన్యం తన గుర్రాల్లో ఎక్కువ భాగాన్ని అంతకుముందే పడమటికి పంపేసింది. ఫిరంగులు లాగేవి ఆ గుర్రాలే. ఫిరంగులూ గాయపడ్డవాళ్లూ వెనకపడిపోయేవారు. అయినా ఆ వారంలో ఉన్న బలం మళ్లీ ఎన్నడూ రాలేదు.

డిసెంబరు 1

బల్ల ముందు అంచుకి పౌలుస్ జీవితాన్ని కాగితపు పట్టీగా అంటించాను. పుట్టింది 1890, పోయింది 1957. ఏడాదికి 2.7 సెంటీమీటర్లు ఇస్తే బల్ల పొడవుకి సరిపోయింది.

1890 సెప్టెంబరు 23న హెస్సే ప్రాంతంలోని బ్రైటెనావ్‌లో పుట్టాడు. తండ్రి లెక్కలు రాసే ఉద్యోగి. పేరుకి ముందు 'ఫాన్' అని చాలామంది తప్పుగా రాస్తారు, ఆయనది ప్రభువుల కుటుంబం కాదు. నౌకాదళంలో చేరాలనుకుంటే తీసుకోలేదు. కొన్నాళ్లు మార్బుర్గ్‌లో న్యాయశాస్త్రం చదివి, 1910లో పదాతి దళంలో క్యాడెట్‌గా చేరాడు. 1912లో ఎలెనాని పెళ్లాడాడు. రొమేనియా కులీన కుటుంబం అమ్మాయి. మొదటి యుద్ధం ముగిసేసరికి కెప్టెన్. తర్వాత ఇరవై ఏళ్లూ మ్యాపులు, టైంటేబుళ్లు, కవాతు లెక్కలు, సరఫరా పట్టికలు. అక్షరం పొల్లుపోకుండా పనిచేసేవాడని పేరు. గుడ్డల మీద మరక ఉంటే సహించేవాడు కాదట.

1939లో సేనాని రైషెనావ్ దగ్గర చీఫ్ ఆఫ్ స్టాఫ్. రైషెనావ్ దుడుకు మనిషి, కాగితం పని అంటే గిట్టదు. కాగితాలన్నీ పౌలుస్ చూసేవాడు. ఇద్దరికీ చక్కగా కుదిరింది. 1940 సెప్టెంబరులో బెర్లిన్‌కి పిలిచి సైన్యాధికార మండలిలో రెండో స్థానం ఇచ్చారు. అక్కడ అప్పగించిన పని సోవియట్ యూనియన్ మీద దాడికి ప్రణాళిక. ఆ ఏడాది చివర్లో ఆయన నడిపిన యుద్ధ అభ్యాసాల్లోనే తేలింది: ఒక దూరం దాటాక సరఫరా అందదు, దేశం విశాలమయ్యేకొద్దీ సైన్యం పలచబడిపోతుంది. ఆ సంగతి కాగితం మీద పెట్టిన మనిషే రెండేళ్ల తర్వాత ఆ దూరానికి అవతల, సరఫరా లేకుండా కూర్చున్నాడు. ఈ పట్టీలో నన్ను ఎక్కువసేపు ఆపింది ఈ ముక్కే.

1942 జనవరిలో ఆరో సైన్యాన్ని ఆయన చేతిలో పెట్టారు. అంతకుముందు డివిజన్ నడపలేదు, కోర్ నడపలేదు. స్వయంగా నడిపిన పెద్ద దళం ఒక బెటాలియన్. ఆ ఏడాది మే నెలలో ఖార్కోవ్ దగ్గర గెలిచాడు, పతకం వచ్చింది. ఆగస్టు 23న ఆయన ట్యాంకులు వోల్గా చేరిన రోజే జర్మన్ విమానాలు స్టాలిన్‌గ్రాడ్‌ని తగలబెట్టాయి. వేలాది మామూలు జనం చనిపోయారు.

మనవరాలు పట్టీ మీద వేలు పెట్టి, ఆరో సైన్యాధిపతిగా ఉన్న కాలం ఎంతుందో కొలిచింది. మూడు సెంటీమీటర్లు కూడా లేదు.

డిసెంబరు 3

మొన్న రాసిన పట్టీలో ఒకటి తప్పిపోయింది, ఇవాళ చేర్చాను. ఆరో సైన్యం చేతులకి అప్పటికే నెత్తురు ఉంది. 1941 ఆగస్టులో బీలా త్సెర్క్వాలో యూదు పిల్లల హత్య, సెప్టెంబరులో కీవ్ దగ్గర బాబీ యార్‌లో రెండు రోజుల్లో 33,771 మంది యూదుల్ని కాల్చి చంపడం, రెండూ ఆ సైన్యం ఉన్న ప్రాంతంలో, ఆ సైన్యం సహకారంతోనే జరిగాయి. అప్పుడు అధిపతి రైషెనావ్. యూదుల మీద కఠినంగా ఉండాలని అతను ఇచ్చిన ఉత్తర్వుని పౌలుస్ వచ్చాక రద్దు చేశాడు. అది నిజమే, రాశాను. కానీ ఆ యుద్ధానికి మ్యాపు గీసిన చేతుల్లో పౌలుస్ చెయ్యి కూడా ఉంది. ఆయన్ని పాపం అనిపించేలా చేసి వదిలేస్తే ఈ బల్ల అబద్ధం చెప్పినట్టే. అందుకే ఈ కాగితం కూడా అదే సైజు అక్షరాల్లో రాశాను.

డిసెంబరు 12

నీలం దారం తెచ్చాను. కాగులో చిక్కినవాళ్లని విడిపించడానికి జర్మన్ సేనాని మాన్‌స్టైన్ ఆదేశం మీద ఇంకో సేనాని హోత్ ట్యాంకులు నైరుతి నుంచి బయలుదేరిన రోజు ఇది. మళ్లీ అదే చిక్కు. బయలుదేరిన కొతెల్నికొవో బల్ల మీద లేదు.

డిసెంబరు 19

ఇవాళ చేసిన పని ఈ మొత్తంలోకీ ముఖ్యమైనది.

హోత్ ట్యాంకులు మిష్కొవా నది దాకా వచ్చాయి. కాగు అంచుకి 48 కిలోమీటర్లు. నా స్కేలులో 96 సెంటీమీటర్లు. కాగు దక్షిణపు అంచు నుంచి టేపు పెట్టి కొలిస్తే బల్ల అయిపోయి టేపు గాల్లో వేలాడింది. వంటింట్లోంచి స్టూలు తెచ్చి, బల్ల ఎత్తుకి ఇటుకలు పెట్టి, దాని మీద హోత్ గుండుసూది గుచ్చాను. సాయం వచ్చి స్టూలు మీద ఆగింది.

లోపల పౌలుస్ ట్యాంకుల్లో ఉన్న ఇంధనం మహా అయితే 30 కిలోమీటర్లకి సరిపోతుందని లెక్క. 60 సెంటీమీటర్ల పసుపు దారం కత్తిరించి మనవరాలి చేతికిచ్చాను. కాగు అంచు నుంచి స్టూలు వైపు లాగమన్నాను. లాగింది. ఇంకో 36 సెంటీమీటర్లు మిగిలింది. దారాన్ని గట్టిగా సాగదీసి చూసింది. "తాతయ్యా, వాళ్లని ఇంకొంచెం దగ్గరికి రమ్మనకూడదా?" అంది. రావాలనే చూశారమ్మా, రాలేకపోయారు అన్నాను. "మరి వీళ్లు 30 కిలోమీటర్లు బండ్లలో వచ్చి, మిగతాది నడవకూడదా?" నేను జవాబు చెప్పలేకపోయాను. నడవగలిగేవాళ్లు అప్పటికే తక్కువ. చలి సున్నాకి చాలా కింద, తిండి సగానికి సగం. నడవలేనివాళ్లని ఎక్కడ వదలాలి?

చీల్చుకుని రావడానికి రహస్య సంకేతం కూడా పెట్టుకున్నారు, పిడుగుపాటు అని అర్థం. హిట్లర్ ఒప్పుకోలేదు. మాన్‌స్టైన్ తన బాధ్యత మీద స్పష్టమైన ఆజ్ఞ ఇవ్వలేదు. పౌలుస్ ఆజ్ఞ లేకుండా కదల్లేదు. ముగ్గురి మధ్యా ఆ 36 సెంటీమీటర్లు అలాగే ఉండిపోయాయి. పసుపు దారాన్ని అక్కడే, గాల్లో కొస వదిలేసి అతికించాను.

డిసెంబరు 24

హోత్ గుండుసూది తీసేశాను. విమానాలు బయలుదేరే తత్సిన్‌స్కయా స్థావరం మీద ఇదే రోజు ఉదయం సోవియట్ ట్యాంకులు పడ్డాయి. అది కూడా బల్ల బయటే. విమానాలు ఇంకా దూరం నుంచి రావాల్సివచ్చింది, ఒక్కో విడతకి మోసే సరుకు ఇంకా తగ్గింది. చేరిన సరుకు సగటు రోజుకు 120 టన్నుల లోపు. 500 అందిన రోజు ఒక్కటి కూడా లేదు.

జనవరి 3

సంక్రాంతి పనుల్లో పడి బల్ల దగ్గరికి వెళ్లలేదు. ముగ్గుపిండి డబ్బా ఇంట్లోవాళ్లు వెనక్కి తీసుకున్నారు.

జనవరి 8

లొంగిపోతే తిండి, వైద్యం, ప్రాణరక్షణ ఇస్తామని సోవియట్ సేనానులు వోరొనోవ్, రొకొసోవ్‌స్కీ కబురు పంపిన రోజు. పౌలుస్ తిరస్కరించాడు. తాము ఇక్కడ నిలబడి ఇన్ని సోవియట్ సైన్యాల్ని పట్టి ఉంచితేనే దక్షిణాన కాకసస్‌లో ఉన్న మిగతా జర్మన్ సైన్యం వెనక్కి రాగలదన్నది ఆయన పక్షం వాదన. సైనికంగా ఆ వాదనలో నిజం ఉంది. కానీ జనవరికి ఒక్కొక్కరికి రోజుకు వంద గ్రాముల రొట్టె కూడా లేదు. గోదాములో ఎలుకలు తిన్న వాటాకే సంజాయిషీ రాసేవాళ్లం మేము. జర్మన్ల చేతిలో ఉన్న రష్యన్ ఖైదీల సంగతి ఇంకా దారుణం. తిండి పెట్టలేదు, వదిలిపెట్టనూ లేదు. ముళ్లకంచెల మధ్య ఆకలితో చచ్చిపోయారు. వాళ్ల కోసం బల్ల మీద తీగతో చిన్న చతురస్రం కట్టాను.

జనవరి 16

ఎర్ర దారం లోపలికి జరుపుతున్నాను. 10న చివరి దాడి, 16న పీటోమ్నిక్ పోయింది. మరో వారంలో గుమ్రాక్ కూడా. ఆ తర్వాత పారాచూట్లు కట్టి పైనుంచి పడేయడమే. నల్ల గుండుసూదిని గుమ్రాక్ నుంచి పీకి ఊళ్లోకి మార్చాలి. అది గుచ్చిన చోట ప్లాస్టర్ పెచ్చు లేచింది. పూడ్చలేదు, ఉండనిచ్చాను.

జనవరి 22

పౌలుస్ లొంగిపోవడానికి అనుమతి అడిగాడు. హిట్లర్ కుదరదన్నాడు. పౌలుస్ మళ్లీ విన్నాడు.

జనవరి 31

అగ్గిపెట్టె అట్టతో ఉనివెర్మాగ్ కట్టాను. ఊరి నడిబొడ్డున, చౌకు పక్కన ఉన్న డిపార్ట్‌మెంట్ స్టోరు. దాని నేలమాళిగే ఆఖరి స్థావరం. ఇప్పుడు అక్కడ మ్యూజియం ఉంది. లోపల చిన్న ఎల్.ఇ.డి. బల్బు పెట్టాను.

30న హిట్లర్ ఆయన్ని ఫీల్డ్ మార్షల్ చేశాడు. అంతవరకూ ఏ జర్మన్ ఫీల్డ్ మార్షలూ శత్రువుకి చిక్కలేదు. ఆ పదవి అర్థం ఏమిటో ఇద్దరికీ తెలుసు, ప్రాణం తీసుకోమని. పౌలుస్ తీసుకోలేదు. 31 ఉదయం సోవియట్ అధికారులు లోపలికి వచ్చినప్పుడు లొంగుబాటు మాటలు మాట్లాడింది స్మిట్, మరో సేనాని రోస్కె. ఫీల్డ్ మార్షల్ పక్క గదిలో ఉన్నాడు. ఊరికి ఉత్తరాన ఇంకా పోరాడుతున్నవాళ్లకి ఆగిపొమ్మని ఆజ్ఞ ఇవ్వండి అంటే ఇవ్వనన్నాడు. వాళ్లు ఫిబ్రవరి 2 దాకా చస్తూనే ఉన్నారు.

ఇక్కడే నాకు కోపం ఆగదు. నవంబరులో పైవాడి ఆజ్ఞ కావాలన్నాడు సరే. జనవరి 31న పైవాడు లేడు. ఒక్క కాగితం మీద సంతకం చాలు. స్టాక్ రిజిస్టర్‌లో తేడా వచ్చినరోజు సంతకం ఎవరు పెట్టాలన్న ప్రశ్న వస్తే అందరూ పక్కవాళ్ల వైపు చూడటం నేను కళ్లారా చూశాను. అక్కడ పోయేది బస్తాలు. ఇక్కడ మనుషులు.

ఫిబ్రవరి 2

పట్టీలో మిగిలిన భాగం పూర్తిచేశాను. ఖైదులో ఉన్న కాలం దాదాపు 29 సెంటీమీటర్లు వచ్చింది, సైన్యాన్ని నడిపిన కాలానికి పది రెట్లు. 1944 జులైలో హిట్లర్ మీద హత్యాయత్నం విఫలమయ్యాక, ఆగస్టులో పౌలుస్ రష్యన్ల వైపు నుంచి హిట్లర్‌కి వ్యతిరేకంగా నోరు విప్పాడు. జర్మనీలో ఆయన కుటుంబాన్ని నిర్బంధించారు. కొడుకుల్లో ఒకడు అప్పటికే ఇటలీలో ఆన్జియో యుద్ధంలో పోయాడు. 1946 ఫిబ్రవరి 11న యుద్ధ నేరాల విచారణ జరిగిన నూరెంబర్గ్‌లో సాక్షిగా నిలబడి, సోవియట్ యూనియన్ మీద దాడి ముందే పథకం వేసి చేసిందని చెప్పాడు. ఎలెనా 1949లో బాడెన్-బాడెన్‌లో చనిపోయింది. 1942 తర్వాత ఆయన్ని మళ్లీ చూడలేదు. ఆయన 1953లో విడుదలై తూర్పు జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఉన్నాడు. 1957 ఫిబ్రవరి 1న పోయాడు. సమాధి ఆమె పక్కనే.

పట్టీ చివర మూడు అంకెలు రాశాను. ఖైదీలైన జర్మన్ పక్షంవాళ్లు 91,000. ఇల్లు చేరినవాళ్లు ఐదారు వేలు. ఈ స్టాలిన్‌గ్రాడ్ యుద్ధంలో చనిపోయిన, ఆచూకీ లేకుండా పోయిన సోవియట్ సైనికులు 4,78,741. మూడోది ఎర్ర సిరాతో, పెద్దగా. ఊరు వాళ్లది.

ఫిబ్రవరి 5

బల్లని ట్రాలీ ఆటోలో గ్రంథాలయానికి చేర్చాం. స్టూలు కూడా. సీసాలు మాత్రం మనవరాలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఎడం చేతి కింద బరువైనది, కుడి చేతి కింద తేలికది. స్పీడ్ బ్రేకర్ దగ్గర రెండిట్లోనూ గింజలు కదిలాయి.

మిగిలిన పని: గాజు మూతకి కబ్జాలు బిగించాలి. స్టూలు కింద ఇటుకలు తీసేసి, వడ్రంగి చేత సరైన కాళ్లు పెట్టించాలి. పసుపు దారం కొసని పిల్లలు పట్టుకుని లాగుతున్నారు. దాన్ని అతికించేద్దామా అని గ్రంథపాలకులు అడిగారు. వద్దు, వదులుగానే ఉంచండి, తెగితే ఇంకో 60 సెంటీమీటర్లు కత్తిరించి ఇస్తానన్నాను.